నీళ్ళొచ్చేలోగా ఇళ్ళ కొలతలు

తెలుగు నేల మీద ఫ్రెంచివాళ్ళ ఆనవాళ్ళు చూడాలంటే ఎక్కువ ఊళ్ళు తిరగనక్కర్లేదు. గౌతమి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో యానాం ఉంది. 18వ శతాబ్దం మొదటి భాగంలో ఫ్రెంచివాళ్ళు కొట్లు పెట్టుకున్న ఆ ఊరు 1954 దాకా వాళ్ళ ఏలుబడిలోనే ఉండి, 1962లో చట్టప్రకారం భారతదేశంలో కలిసింది. బందరులో ఫ్రెంచిపేట ఉంది. హైదరాబాదులో మలక్‌పేట దాటాక గుట్ట మీద, నిజాం కొలువులో సేనానిగా పనిచేసి 1798లో చనిపోయిన రేమండ్ సమాధి స్తంభం నిలబడి ఉంది. ఆయన ఫిరంగులు పోతపోయించిన చోటికి గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఫ్రెంచి కట్టడాల ప్రస్తావన వస్తే మనవాళ్ళు చెప్పుకునేవి ఇవే. వీటిని కాపాడుకోవలసిందే, ఆ మాటలో వాదన లేదు. కానీ యానాం ముందు పారే నీళ్ళలో కొంత చింతూరు మీదుగా వచ్చిన శబరి నీళ్ళు. కూనవరం దగ్గర ఆ శబరి గోదావరిలో కలుస్తుంది. ఫ్రెంచి సంస్కృతి చరిత్రలో మనం నేర్చుకుని వెంటనే వాడుకోవలసిన పాఠం ఒకటి ఉంది. దాని అవసరం నది చివరనున్న యానాంకన్నా ఎగువనున్న చింతూరుకే ఎక్కువ. కూల్చేముందు, ముంచేముందు ప్రతి ఇంటినీ కొలిచి, గీసి, రాసి పెట్టుకోవడమే ఆ పాఠం. రాజుల కోటలతో, పెద్ద చర్చిలతో మొదలైన ఆ అలవాటు ఫ్రాన్సులో రైతు పశువుల కొట్టం దాకా వెళ్ళింది. చింతూరులో అది కోయవాళ్ళ ఇంటి చూరు కిందికి రావాలన్నది ఈ వ్యాసం వాదన.

ఖమ్మం జిల్లాలో ఉండిన చింతూరు, గోదావరి మీది పోలవరం ఆనకట్ట కోసమే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో ఒకటి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ మట్టానికి నీళ్ళు నిలిపితే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాటిలో కోయల గూడేలు, కొండరెడ్ల ఊళ్ళు చాలా ఉన్నాయి. నీళ్ళు ఎలా వస్తాయో ఈ మండలాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు తాకినప్పుడు శబరి వెనక్కి ఎగదన్ని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలను ముంచింది. మట్టి గోడల ఇళ్ళు ఎన్నో నాని కూలాయి. ఆనకట్ట నింపేటప్పుడు వచ్చే నీళ్ళు మాత్రం వరదలా వచ్చి తీసిపోవు, నిలిచిపోతాయి. అందుకని ప్రభుత్వం ఇళ్ళకు విలువ కడుతోంది. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఇల్లు, కట్టడం విలువ తేల్చడానికి కలెక్టరు సమర్థుడైన ఇంజనీరు సాయం తీసుకోవచ్చు. అంటే టేపు పట్టుకున్న మనిషి ఎలాగూ ప్రతి గడపా తొక్కుతున్నాడు. పొడవు, వెడల్పు, గోడ రకం, కప్పు రకం రాసుకుంటున్నాడు. ఆ అంకెలు రూపాయలుగా మారి ఫైల్లోకి వెళ్ళాక ఇల్లు కూలుతుంది. ఆ ఇంట్లో నిట్టాడు ఏ చెట్టుది, అటక ఎందుకు అంత ఎత్తున కట్టారు, గడప ఎటువైపుకు ఉంది, ఎవరి చేతులు కట్టాయి అన్నవి ఆ ఫైలుకు అక్కర్లేదు. అక్కర్లేనందువల్ల అవి ఎక్కడా మిగలవు.

ఫ్రాన్సుకు ఈ బుద్ధి ఊరికే పుట్టలేదు, పోగొట్టుకున్నాక పుట్టింది. 1789 విప్లవం తర్వాత మఠాలు, చర్చిలు, కోటలు వేలంలో అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు వాటిని రాళ్ళ గనులుగా వాడుకున్నారు. ఐరోపాలోకెల్లా పెద్ద చర్చిల్లో ఒకటైన క్లూనీ మఠాన్ని ఏళ్ళ తరబడి పగలగొట్టి రాయి అమ్ముకున్నారు. ఆ కాలంలో కూల్చేవాళ్ళ మీద కలం ఎత్తిన యువకుడు విక్టర్ హ్యూగో. తెలుగువాళ్ళకు ఆయన 'బీదలపాట్లు' రచయితగా తెలుసు. ఆ నవల ఆధారంగానే 1950లో చిత్తూరు నాగయ్య నటించిన సినిమా వచ్చింది. అంతకు చాలా ముందే, 1831లో, ఆయన పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి చుట్టూ అల్లిన నవల అచ్చయింది. మరుసటి ఏడు కూల్చివేతల మీద యుద్ధం ప్రకటిస్తూ పత్రికలో వ్యాసం రాశాడు. శిథిలమై, జనం పట్టించుకోవడం మానేసిన ఆ చర్చిని మళ్ళీ దేశం కళ్ళముందు నిలబెట్టినది ఆ నవలే. అయితే రచయిత కోపం ఒక్కటే చాలదని ఫ్రాన్సుకు త్వరలోనే తెలిసింది. కోపానికి వెనక లెక్క ఉండాలి. 1834లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన ప్రోస్పెర్ మెరిమే కూడా కథకుడే, 'కార్మెన్' రాసినవాడే. గుర్రబ్బళ్ళ మీద జిల్లా జిల్లా తిరిగి ఏది ఎక్కడుందో, ఎంత చెడిందో, బాగుకు ఎంతవుతుందో రాసి పారిస్‌కు పంపాడు. 1840లో వెయ్యికి పైగా కట్టడాలతో తొలి జాబితా తయారైంది. ఫొటోగ్రఫీ పుట్టి పన్నెండేళ్ళయినా నిండకముందే, 1851లో, చారిత్రక కట్టడాల శాఖ ఐదుగురు ఫొటోగ్రాఫర్లను దేశం మీదికి పంపి పాత కట్టడాల ఫొటోలు తీయించింది. కెమెరా అప్పటికి పెట్టెడు బరువు, గాజు పలకల, కాగితపు నెగెటివుల వ్యవహారం. అంత కష్టానికి ఓర్చి ఒక ప్రభుత్వం కట్టడాల కోసం దాన్ని మోయించిందంటే, రాసిపెట్టుకోవడం అన్న పనికి వాళ్ళిచ్చిన విలువ తెలుస్తుంది.

ఆ విలువ ఏపాటిదో 2019 ఏప్రిల్ 15 సాయంత్రం తేలింది. నోత్ర్‌దామ్ కప్పు అంటుకుంది. మధ్యయుగపు ఓక్ దూలాలతో అల్లిన కప్పు మొత్తం కాలిపోయింది. 19వ శతాబ్దంలో వియొలె ల డ్యూక్ అనే వాస్తుశిల్పి నిలిపిన శిఖరం లోపలికి కూలింది. లోకమంతా టీవీల్లో చూసింది ఆ మంటనే. తిరిగి కట్టడం సాధ్యమైంది మాత్రం ఎవరూ చూడని కాగితాల వల్ల. రెమీ ఫ్రోమోఁ, సెద్రిక్ త్రాఁతెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు మంటకు ఐదేళ్ళ ముందు, 2014లో, ఆ కప్పులోని దూలాలను కొలిచి పటాలు గీసి ఉంచారు. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు అంతకన్నా ముందే లేజర్‌తో చర్చి లోపలా బయటా కొలిచాడు. ఆయన మంటకు కొద్ది నెలల ముందే చనిపోయాడు. తన పని ఎంత అవసరపడబోతోందో చూడలేదు. ఆ పటాల ఆధారంగా వడ్రంగులు గొడ్డళ్ళతో ఓక్ మొద్దులు చెక్కి, ఏ దూలం ఎక్కడుండేదో అక్కడే ఎక్కించారు. 2024 డిసెంబరులో చర్చి తెరుచుకుంది. డబ్బు ఉండబట్టే అది సాధ్యమైందని అనేవాళ్ళున్నారు. డబ్బు నిజంగానే కుప్పలుగా వచ్చింది. కానీ కొలతలు లేకుండా ఎంత డబ్బు పోసినా పాత కప్పు తిరిగి రాదు, దాని పోలికలో కొత్త కప్పు వస్తుంది. కట్టడం పోయినా దాని జ్ఞానం పోకుండా నిలిచిందంటే ఆ గీతలే కారణం.

నోత్ర్‌దామ్‌ను చూపించి కోయ గూడెం గురించి మాట్లాడితే పొంతన లేదని ఎవరైనా అనవచ్చు. అందుకే ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది నోత్ర్‌దామ్ కాదు, జార్జ్ ఆన్రీ రివియేర్ అనే మ్యూజియం మనిషి చేయించిన పని. 1937లో పారిస్‌లో జానపద కళలకు, ఆచారాలకు ఒక జాతీయ మ్యూజియం పెట్టినప్పుడు దాని బాధ్యత ఆయన చేతికి వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి ఫ్రాన్సు జర్మన్ల వశమైంది. ఆ ఆక్రమణ కాలంలో, పనిలేక ఉన్న యువ వాస్తుశిల్పులను ఆ మ్యూజియం తరఫున పల్లెలకు పంపారు. వాళ్ళు కొలిచింది రైతుల ఇళ్ళను. వంటిల్లు, ధాన్యపు కొట్టు, గొడ్లచావిడి, బావి, పొయ్యి, మంచం ఎక్కడ వేసేవాళ్ళో దాంతో సహా గీశారు. అలా వెయ్యికి పైగా ఇళ్ళ వివరాలు చేరాయి. దేశం ఓడిపోయి, తిండికి రేషను నడుస్తున్న రోజుల్లో ఒక జాతి తన రైతు ఇంటి గోడ మందం కొలుచుకుంది. ఇది కడుపు నిండినవాళ్ళ సరదా అన్న మాటకు అంతకన్నా గట్టి జవాబు నాకు తోచదు. యుద్ధం ముగిసి ట్రాక్టర్లు, సిమెంటు వచ్చాక ఆ ఇళ్ళలో చాలా భాగం మారిపోయాయి. వాటి లోపలి బతుకు ఎలా ఉండేదో ఇవాళ తెలుసుకోవాలంటే ఆ పటాలే దిక్కు. 1964లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో, కళాచరిత్రకారుడు ఆంద్రే షస్తెల్ కలిసి దేశం మొత్తానికి ఒక సర్వే మొదలుపెట్టారు. పెద్ద చర్చి నుంచి చిన్న చెంచా దాకా ఏదీ వదలకూడదన్నది దాని పద్ధతి. ఏది గొప్పది, ఏది కాదు అని ముందే తేల్చుకుని వెళ్ళకూడదు, ముందు ఉన్నదంతా చూడాలి, తర్వాతే తీర్పు. ఆ వరుస అర్థమైతే చింతూరులో ఏం చేయాలో సగం తెలిసినట్టే.

శబరి లోయలో ఆ చూపుతో ఒక కోయ ఇంటి ముందు నిలబడితే రాయడానికి ఎంత ఉంది! ఇంటి నడుమ నిట్టాడు, దాని మీద నడికప్పు దూలం, దాన్నుంచి కిందికి జారే వాసాలు. వెదురు బద్దల తడికకు రెండు వైపులా ఎర్రమన్ను మెత్తి పేడతో అలికిన గోడ. పైన తాటాకో, గడ్డో, నాటు పెంకో. ఎండ, వాన గోడకు తగలకుండా కిందికి దించిన చూరు. ఇంటి ముందు అరుగు, అరుగు ముందు పందిరి. వేసవిలో ఇప్పపువ్వు ఆరబోసుకునే జాగా, పక్కన గొడ్లకు, మేకలకు పాక, చుట్టూ వెదురు దడి. పొయ్యి మీది అటకలో విత్తనాలు దాచితే పొగ తగిలి పురుగు పట్టదు. అదే పొగ కప్పులోని గడ్డికీ, వెదురుకూ కాపు కాస్తుంది. వియొలె ల డ్యూక్ తన పది సంపుటాల నిఘంటువులో మధ్యయుగపు చర్చిల గురించి నిరూపించదలచుకున్నది ఇదే: మంచి కట్టడంలో ఏ భాగమూ ఊరికే ఉండదు, ప్రతి దానికీ ఒక పని, ఒక కారణం ఉంటాయి. ఆయన 1875లో మనిషి నివాసాల చరిత్ర మీద కూడా ఒక పుస్తకం రాశాడు. ఆ పరీక్షకు నిలబెడితే శబరి ఒడ్డు ఇల్లు ఏ చర్చికీ తీసిపోదు. ఇల్లు ఒక్కటే కాదు, ఊరి అమరిక కూడా రాసుకోవలసిందే. ఇళ్ళు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయి, ఏ గట్టు (వంశం) వాళ్ళు ఎటువైపు ఉన్నారు, విత్తనాల ముందు భూమి పండుగ జరిపే చోటు ఏది, చనిపోయినవాళ్ళ పేరున నిలిపిన రాళ్ళు ఏ దిక్కున ఉన్నాయి అన్నవన్నీ. గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి వాళ్ళ జీవితాన్ని శ్రద్ధగా రాసినవాడు హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు. ఆయన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' 1945లో వచ్చింది. ఎనభై ఏళ్ళ కింద ఒక పరాయి దేశస్థుడు పనికట్టుకుని చేసిన పనిని ఇవాళ ఇన్ని విశ్వవిద్యాలయాలున్న రాష్ట్రం ఊరూరా చేయలేదంటే నమ్మడం కష్టం.

ఫ్రాన్సు అన్ని చోట్లా సవ్యంగా నడుచుకుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆల్ప్స్ కొండల్లో తీన్య్ అనే ఊరి కథ పోలవరం నిర్వాసితులు తప్పక తెలుసుకోవలసినది. యుద్ధం తర్వాత కరెంటు కోసం అక్కడ 180 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టారు. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి ఎదిరించారు, పనులు అడ్డుకున్నారు. 1952లో సాయుధ పోలీసులను దించి ఊరు ఖాళీ చేయించారు. శ్మశానంలోని శవాలను తవ్వి వేరేచోటికి మార్చారు, ఇళ్ళు పేల్చేశారు, నీళ్ళు నింపారు. దేశానికి వెలుగు కావాలి గనుక కొండ పల్లె మునగాలన్న తర్కం మనకు తెలియనిదేమీ కాదు. అక్కడ మిగిలిన ఒక మంచి ఏమిటంటే పాత చర్చి కొలతలు ఉండడం. ఎగువన కొత్త చోట అదే పోలికతో చర్చి కట్టుకున్నారు. పాత చర్చిలోని పూజాపీఠాల వంటి వస్తువులను దానిలోకి చేర్చుకున్నారు. పదేళ్ళకోసారి పరిశీలన కోసం జలాశయం ఖాళీ చేసినప్పుడు పాత ఊరి పునాదులు బయటపడేవి, పాతకాపులు వచ్చి తమ ఇంటి జాగా వెతుక్కునేవాళ్ళు. ఆ ఊరికి జరిగిన అన్యాయాన్ని ఆ చర్చి సరిచేయలేదు. కానీ కొత్త చోట పిల్లలకు ఇదీ మన ఊరు అని చూపించడానికి ఒక ఆధారం దొరికింది. కొలతలు తీసుకోకపోయుంటే అది కూడా ఉండేది కాదు.

ముంపుకు ముందు రాసిపెట్టుకోవడం మనకు చేతకాని పనీ కాదు. నాగార్జునసాగర్ నిండేలోగా, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కృష్ణా లోయను తవ్వి ఇక్ష్వాకుల విజయపురిని వెలికితీశారు. విహారాలను, చైత్యాలను ఇటుక ఇటుకగా విప్పి కొండ మీదికి, అనుపుకు మార్చారు. సరిగ్గా అదే కాలంలో నైలు నది మీద ఆస్వాన్ ఆనకట్ట నుబియా గుళ్ళను ముంచబోతుంటే, 1960 మార్చిలో యునెస్కో వేదిక మీద మాల్రో లోకాన్ని పిలిచాడు. క్రిస్తియాన్ దెరోష్ నోబ్లకూర్ అనే ఫ్రెంచి పండితురాలు దేశదేశాల చుట్టూ తిరిగి సాయం కూడగట్టింది. ఫ్రెంచి ఇంజనీర్లు అమాదా గుడి ముఖ్య భాగాన్ని ముక్కలు చేయకుండా పట్టాల మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా జరిపారు. శ్రీశైలం నిండేటప్పుడు మనవాళ్ళు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చుకున్నారు. పోలవరం ముంపులో వేలేరుపాడు మండలం రుద్రమ్మకోట దగ్గర పురావస్తు శాఖ బృహత్‌శిలా సమాధులను తవ్వింది. ఈ పనులన్నీ గర్వించదగ్గవే. అయినా వీటన్నిటిలో ఒకే లోపం కనిపిస్తుంది. రాయి అయితే విప్పి మోశాం, వెయ్యేళ్ళు దాటితే తవ్వి తీశాం. నాగార్జునకొండ లోయలోనే పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. ఆ లోయలో దాదాపు పదిహేడు వందల ఏళ్ళ కిందటి భిక్షువుల గదులు ఎంత వెడల్పో మనకు తెలుసు. అక్కడ 1950లలో కాపురమున్న రైతు ఇల్లు ఎలా ఉండేదో చెప్పే పటం ఏ మ్యూజియంలో చూడాలి? చచ్చిపోయిన నగరానికి దక్కిన శ్రద్ధ బతికున్న ఊరికి దక్కలేదు. శబరి లోయలో ఆ పొరపాటు మళ్ళీ జరగకూడదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని పక్కకు తోసి వెళ్ళలేం. పరిహారం పూర్తిగా అందని మనిషి దగ్గరికెళ్ళి నీ ఇంటి బొమ్మ గీస్తానంటే అది పుండు మీద కారం అవుతుంది. భూమికి భూమి, ఇంటికి ఇల్లు, 18 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరి హక్కు, ముంపు మట్టం ఏదో తేల్చిచెప్పడం, ఇవి ముందు. ఇళ్ళ సర్వేను చూపి వీటిలో దేన్ని వాయిదా వేసినా ఆ సర్వేను నేనే వద్దంటాను. కానీ ఈ రెండూ ఒకదాన్ని ఒకటి తినేసే పనులని అనుకోవడం సరికాదు. సరైన పటం, ఫొటో, కలప లెక్క ఉన్న ఇంటి యజమాని చేతిలో గట్టి సాక్ష్యం ఉంటుంది. ఇంజనీరు రాసిన అంచనాలో తేడా వస్తే చూపించి అడగవచ్చు. ఇప్పుడున్న పద్ధతిలో ఇల్లు నేలమట్టమయ్యాక వాదించడానికి ఏమీ మిగలదు. రాసిపెట్టుకోవడమంటే ముంపుకు ఒప్పుకున్నట్టే కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఒప్పుకోనివాళ్ళకే రికార్డు ఎక్కువ అవసరం. ఏం పోతోందో ఇంటి పేరుతో, కొలతతో చెప్పగలిగిన ఊరి మాటకు బరువుంటుంది. గిరిజన ఆవాసాలు అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఊరిని నకశా మీద నీలం రంగు కింద దాచేయడం సులువు.

ఇంకో మాట తరచుగా వినిపిస్తుంది. మట్టి ఇంటికి చెదలు పడతాయి, అది వానకు నానుతుంది, ఏటా అలకాలి, కప్పు మార్చాలి, అక్కడి పిల్లలే స్లాబు ఇల్లు కావాలంటున్నారు, వాళ్ళకు పూరిల్లే ముద్దని చెప్పడం పట్నంవాళ్ళ మోజు. ఇందులో నిజముంది. స్లాబు ఇల్లు కోరుకునే హక్కు చింతూరు యువకుడికి హైదరాబాదు యువకుడికి ఉన్నంత ఉంది. నేను అడుగుతున్నది ఆ ఇంటిని వద్దనడానికి కాదు, దాన్ని బాగా కట్టడానికి. 2013 చట్టం రెండో షెడ్యూలు గ్రామాల్లో ఇల్లు పోయినవాళ్ళకు ఇందిరా ఆవాస్ యోజన నమూనా ప్రకారం కట్టిన ఇల్లు ఇవ్వాలంటుంది. పునరావాస కాలనీల్లో ఇళ్ళు వరసగా, ఒకే కొలతతో లేస్తాయి. మేకలు ఎక్కడ కట్టాలి, ఇప్పపువ్వు ఎక్కడ ఆరబోయాలి, విత్తనం ఎక్కడ దాచాలి, పెళ్ళికొచ్చిన గట్టు బంధువులు ఎక్కడ కూర్చోవాలి అన్న ప్రశ్నలకు ఆ నమూనా దగ్గర జవాబు లేదు. జవాబులు పాత ఇంట్లో ఉన్నాయి. వాటిని ముందు రాసుకుంటే కొత్త ఇంట్లో అరుగు మళ్ళీ వస్తుంది, ఎండాకాలం కాలిపోని కప్పు గురించి ఆలోచన వస్తుంది, పెరడు పెద్దదవుతుంది. ఫ్రాన్సులో రైతు ఇళ్ళు కొలిచినవాళ్ళు యుద్ధం తర్వాత ఎలాంటి పల్లె కట్టుకోవాలన్న ప్రశ్నను కూడా మనసులో పెట్టుకునే కొలిచారు. అదే చట్టం మూడో షెడ్యూలు గిరిజన సంప్రదాయ వ్యవస్థలకు విడిగా స్థలం ఇవ్వాలంటుంది. ఆ స్థలం ఎంత, ఏ దిక్కున, ఏ చెట్టు కింద అన్నది ఇప్పటి ఊరి పటం లేకుండా అధికారి ఎలా నిర్ణయిస్తాడు?

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మనకు పాఠం చెప్పడానికి వలస పాలకుల దేశమే దొరికిందా అన్నది అది. తూర్పు దేశాల నుంచి శిల్పాలు మోసుకెళ్ళినవాళ్ళలో ఫ్రెంచివాళ్ళు తక్కువేమీ కాదు. అమరావతి శైలి శిల్పాలు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. ఫ్రాన్సు వారసత్వ చట్టాలకు పేరు తెచ్చిన మాల్రో స్వయంగా యువకుడిగా 1923లో కంబోడియాలోని బాంతే స్రై గుడి నుంచి శిల్పాలు కోసి తీసుకెళ్ళబోయి పట్టుబడ్డాడు. మరుసటి ఏడు కోర్టు శిక్ష వేసింది. ఈ చరిత్రను దాచి ఆయన పద్ధతిని పొగడడం అబద్ధమవుతుంది. అందుకే చింతూరులో జరిగే పనికి ఒక షరతు ఉండాలి: రికార్డు ఎవరి ఇంటిదో వాళ్ళదే. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టమైన పెసా 1996 నుంచి గిరిజన గ్రామసభకు తన ఆచారాలను, వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. గ్రామసభ అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా తీయకూడదు. వేల్పుల గుళ్ళు, పడిగెలు (వేల్పుల జెండాలు), పెద్దలు బయటివాళ్ళకు చూపని చోట్లు వద్దంటే వద్దంతే, వాటిని పటంలో గుర్తు కూడా పెట్టనక్కర్లేదు. పటాల తొలి ప్రతి ఆ ఊరికి, కొత్త కాలనీలో అందరికీ అందుబాటులో ఉండేచోటికి చేరాలి. రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళేది నకలు. భాగాల పేర్లు తెలుగులోనే కాక కోయ మాటలో కూడా, ఆ ఇంటివాళ్ళు చెప్పినట్టే రాయాలి. మెరిమే చేసిన పనిలో లోపం ఇదే. ఆయన పారిస్ కోసం రాశాడు. ఇక్కడ రాసేది ఊరి కోసం కావాలి.

ఈ పనికి కొత్త కార్పొరేషను అక్కర్లేదు, కోట్ల టెండరు అక్కర్లేదు. విజయవాడలో కేంద్ర ప్రభుత్వపు ప్లానింగ్, ఆర్కిటెక్చర్ స్కూలు ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాస్తు విభాగం ఉంది, మానవశాస్త్ర విభాగమూ ఉంది. కట్టడాలను కొలిచి గీయడం వాస్తు విద్యార్థుల పాఠ్యక్రమంలో భాగమే. దానికోసం వాళ్ళు ఏటా గుళ్ళకు, పాత బంగళాలకు వెళ్తూనే ఉంటారు. కొన్నేళ్ళు ఆ బృందాలు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలకు రావాలి. చింతూరులోని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఆ బృందాలకు వసతి చూడాలి. ప్రతి బృందంలో ఆ ఊరి చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కూలి తీసుకుని పనిచేయాలి, వాళ్ళే కోయ మాటను తెలుగులోకి మార్చి చెప్పాలి, తర్వాత బృందాలకు వాళ్ళే పెద్దలు కావాలి. భూసేకరణ ఇంజనీరు ఇంటికి వచ్చే రోజే బృందం కూడా వస్తే ఇంటివాళ్ళను రెండుసార్లు ఇబ్బంది పెట్టినట్టు ఉండదు. ఇల్లు కట్టే చేతులున్న వృద్ధులను ముందు కలవాలి, వాళ్ళ మాటలు రికార్డు చేయాలి, వాళ్ళ పనికి రోజు కూలి కట్టి ఇవ్వాలి. శబరి లోయలో ఇలాంటి పనికి కాలం పంట కోతలయ్యాక మొదలై, జూన్‌లో తొలకరి పడేదాకా ఉంటుంది. జులై తర్వాత రోడ్లు ఎప్పుడు మునుగుతాయో తెలియదు. తక్కువ మట్టంలో ముందు మునిగే ఊళ్ళతో మొదలుపెట్టి, గట్టు ఎక్కే కొద్దీ పైకి వెళ్ళాలి. ఈ కోతల తర్వాత తొలి బృందం బయలుదేరాలంటే, ఐటీడీఏ గ్రామసభల ముందు ఈ ప్రతిపాదన పెట్టవలసింది ఈ వానాకాలంలోనే.